కొండ కింద చీలిన దండ్లు

పెనుకొండ చరిత్ర: ఆదిల్ షాల, కుతుబ్ షాల ముట్టడుల కాలం

పెనుకొండ చుట్టూ బీజాపూర్ సుల్తాను అలీ ఆదిల్ షా సేన గుడారాలు వేసి మూడు నెలలైంది. కోటలో గింజలు అడుగంటాయి. తలుపులు తెరిచి లొంగిపోవడం ఒక్కటే మిగిలిందన్న స్థితికి లోపలి వాళ్ళు వచ్చేశారు. సరిగ్గా ఆ సమయంలో లేచిపోయింది బయటి దండు. 1576–77లో జరిగిన ఈ ముట్టడి గురించి మన ప్రాంతంలో మాట్లాడేటప్పుడు కొండ ఎత్తు గురించీ, గోడల మందం గురించీ, కోట కాపాడిన సవరం చెన్నప్ప నాయకుడి తెగువ గురించీ చెప్పుకుంటాం. చెప్పుకోవలసినవే. అయితే ఆ మూడు నెలల ఫలితాన్ని తేల్చిన పని గోడకు అవతలి పక్కన, శత్రువు గుడారాల మధ్యనే జరిగింది. పన్నెండేళ్ళ తర్వాత గోల్కొండ సేన వచ్చినప్పుడు కూడా అంతే. అందుకే ఈసారి మనం కోట దిగి, ముట్టడించిన వాళ్ళ మధ్యకు వెళ్ళి చూద్దాం.

ముందు రెండు మాటల్లో వెనకటి సంగతి. 1565 జనవరిలో రక్కసగి, తంగడి ఊళ్ళ దగ్గర, తళ్ళికోట యుద్ధంగా పేరుపడ్డ పోరులో, దక్కను సుల్తానుల కూటమి చేతిలో విజయనగరం ఓడింది. రామరాయల తల తెగింది. ఆయన తమ్ముడు తిరుమల రాయలు ఖజానాతో, పేరుకు మాత్రమే రాజైన సదాశివ రాయలతో పెనుకొండ చేరాడు. ఆ ఓటమికి కారణం చెబుతూ, 1567లో విజయనగరం వచ్చిన వెనిస్ వర్తకుడు చేజారే ఫెడెరిచి, రామరాయల కొలువులోని ఇద్దరు ముస్లిం సర్దారులు యుద్ధం మధ్యలో ఎదురుతిరిగారని రాశాడు. సొంత సేనలో సర్దారు ఎదురుతిరిగితే ఏమవుతుందో పెనుకొండకు చేరిన వాళ్ళందరికీ స్వానుభవం. ఈ పాఠం వాళ్ళకు తర్వాత బాగా పనికొచ్చింది.

పెనుకొండ మీదికి బీజాపూర్ మొదటిసారి రావడానికి కారణం మాత్రం మన ఇంటి గొడవే. రామరాయల కొడుకు తిమ్మరాజు, పినతండ్రి తిరుమల తన హక్కు లాక్కున్నాడని అలీ ఆదిల్ షా దగ్గరికే సాయానికి పోయాడు. తండ్రిని చంపిన కూటమిలో ఉన్నవాడినే శరణు కోరాడు. రమ్మని పిలిచిన వాడుండగా ఆదిల్ షా ఎందుకు ఆగుతాడు? 1567 ప్రాంతంలో ఆయన దండు దక్షిణానికి కదిలింది. తిరుమల రాయలు యుద్ధం కన్నా రాయబారం మేలనుకున్నాడు. అహ్మద్‌నగర్‌లో చిన్నవాడైన ముర్తజా నిజాం షా పేరు మీద రాజ్యం నడుపుతున్న తల్లి ఖుంజా హుమాయూన్‌కు కబురు పంపాడు. రెండేళ్ళ కిందటి దాకా ఆదిల్ షాకు మిత్రపక్షమైన ఆ రాజ్యమే ఇప్పుడు బీజాపూర్ వైపు సేన నడిపింది. ఇల్లు కాపాడుకోవడానికి ఆదిల్ షా వెనుదిరిగాడు. తళ్ళికోట కూటమి ఆయుష్షు అంతే.

ఇక 1576కు వద్దాం. ఈలోగా బీజాపూర్ సేనాపతి ముస్తఫా ఖాన్ ఆర్దిస్తానీ ఇప్పటి హావేరి జిల్లాలోని బంకాపురాన్ని ఏడాదికి పైగా ముట్టడించి 1575లో పట్టుకున్నాడు. ఆ ముట్టడిని తలుచుకోకుండా పెనుకొండ ముట్టడి అర్థం కాదు. బంకాపురం వాళ్ళకు సాయంగా వచ్చిన బలగాలు బీజాపూర్ దండుకు తిండి అందకుండా దారులు కట్టేశాయి, రాత్రిళ్ళు గుడారాల మీద పడి గొంతులు కోశాయి. సేన బెదిరిపోయింది. అప్పుడు ముస్తఫా ఖాన్ బర్గీ రౌతుల్ని బయటికి వదిలాడు. తేలికపాటి గుర్రాల మీద తిరుగుతూ, దారికాచి కొట్టి మాయమయ్యే మరాఠా, కన్నడ రౌతులు వీళ్ళు. శత్రువు ఎత్తునే శత్రువు మీద ప్రయోగించి తిండి బండ్లకు దారి తెరిచారు. బంకాపురం దక్కిందంటే సగం పుణ్యం వీళ్ళదే.

సుల్తాను సేన అనగానే ఒకే జెండా, ఒకే మనసు, ఒకే మతం అన్నట్టు ఊహించుకుంటాం. బీజాపూర్ దండులో ఇరాన్ నుంచి, మధ్య ఆసియా నుంచి ఓడల మీద వచ్చిన అఫాకీలు ఒక జట్టు. తరతరాలుగా ఇక్కడే పుట్టి పెరిగిన దక్కనీలు ఇంకో జట్టు. ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీలు దక్కనీల వైపు మొగ్గేవాళ్ళు. అఫాకీలకూ దక్కనీలకూ మధ్య పగ ఎంత పాతదంటే, బహమనీ రాజ్యం ముక్కలవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. కింద కాలిబంట్లలో కన్నడిగులు, తెలుగువాళ్ళు. వీళ్ళందరికీ తోడు బర్గీలు. జీతం సుల్తాను చేతి నుంచి నేరుగా బంటుకు అందదు. సర్దారుకు జాగీరు ఇస్తారు. ఆ జాగీరు మీద వచ్చే దాంతో సర్దారు తన మనుషుల్నీ గుర్రాల్నీ పోషించుకుంటాడు. అంటే బంటు తినే ఉప్పు సర్దారుది. సర్దారు గుడారం పీకితే ఆ వెయ్యి మందీ అదే పూట గుడారాలు పీకుతారు. ఎవరి కోసమని వాళ్ళు ఆలోచించాల్సిన పనే లేదు.

అలాంటి దండు తెలిసిన పొలాల మధ్య, చేతికొచ్చే కొల్లతో ముందుకు కదులుతున్నంత కాలం బాగానే ఉంటుంది. ఒకచోట కూర్చోబెడితేనే కష్టం. అందులోనూ పెనుకొండ దగ్గర కూర్చోబెడితే మరీ కష్టం. ఇది వాన తక్కువ సీమ. ధర్మవరం చిత్రావతి, హిందూపురం పక్కగా పోయే పెన్న ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక పరుపులే. నీళ్ళంటే చెరువులే: ధర్మవరం చెరువు, బుక్కపట్నం చెరువు, పెనుకొండ కింద భోగసముద్రం. ఎర్రనేలలో రాగి, ఉలవ, కొర్ర పండుతాయి గానీ వేల గుర్రాలకు నెలల తరబడి మేత ఇచ్చేంత పంట కాదు. మూడు నెలల్లో చుట్టుపక్కల చొప్ప, ఉలవలు, వంటచెరకు అన్నీ అయిపోతాయి. ఆ తర్వాత దండు బతికేది దూరం నుంచి ఎద్దుల మీద గోనెలు వేసుకుని వచ్చే బంజారాల మీదే. ఆ ఎద్దుల వరస తెగిందా, ముట్టడించినవాడే ముట్టడిలో పడతాడు.

బీజాపూర్‌లో చరిత్ర రాసిన ఫెరిష్తా ఈ కథ చెప్పాడు. ఆయన ఆ కొలువులో చేరింది 1589లో. అంటే ముట్టడి చూసినవాడు కాదు, చూసినవాళ్ళ దగ్గర విన్నవాడు. పెనుకొండ రాజు పేరు వెంకటాద్రి అని రాశాడు, కానీ రామరాయల తమ్ముడైన వెంకటాద్రి 1565 యుద్ధంలోనే పోయాడు. అప్పుడు సింహాసనం మీద ఉన్నది తిరుమల రాయల కొడుకు శ్రీరంగ రాయలు. ఈ పొరపాటు పక్కన పెట్టి ఆయన కథనం వింటే ఇలా ఉంటుంది. దండు దగ్గరికి రాగానే రాజు కోటను ఒక నాయకుడికి అప్పగించి, ఖజానాతో చంద్రగిరికి వెళ్ళిపోయాడు. మూడు నెలలకు కోటలో తిండి అయిపోయింది. అప్పుడు రాజు బర్గీల పెద్ద హండియాతం నాయకుడికి 24 లక్షల నగదు, 5 ఏనుగులు ఇచ్చి తన వైపు తిప్పుకున్నాడు. నాయకుడు 4 వేల రౌతులతో దండులోంచి విడిపోయి, దండుకు వచ్చే తిండి మీదే పడ్డాడు.

హండే అన్న మాట వినగానే అనంతపురం, బుక్కరాయసముద్రం వైపు వాళ్ళకు తమ సీమ ఏలిన హండే నాయకులు గుర్తుకు రాక మానరు. ఈ దండులోని నాయకుడు పరాయి దేశం వాడు కాదు, ఈ దారులూ ఈ చెరువులూ తెలిసినవాడు అనుకుంటే అతను చేసిన నష్టం ఎంతటిదో బోధపడుతుంది. ఇక 24 లక్షల లెక్క నాకు నమ్మబుద్ధి కాదు. ఓడిన పక్షం ఎప్పుడూ లంచం లెక్క పెంచే చెబుతుంది. అంత సొమ్ము ముందు ఎవడైనా లొంగిపోతాడు అనుకుంటే తమ లోపం కనబడదు కదా. నా ఉద్దేశంలో అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. బంకాపురంలో దండును నిలబెట్టినవాడు, రెండేళ్ళు తిరక్కుండా పెనుకొండలో అదే దండును ఎందుకు పడగొట్టాడు? విజయం వచ్చినప్పుడు పేరూ పెత్తనమూ ముస్తఫా ఖాన్‌కు దక్కాయి. జయించిన సీమ మీద దాదాపు సర్వాధికారాలూ సుల్తాను ఆయన చేతిలోనే పెట్టాడు. ఎండలో దారులు కాచిన రౌతులు ఎప్పటిలాగే కొల్ల మీద ఆధారపడి ఉండిపోయారు. మూడు నెలలు కొండ కింద కూర్చుంటే కొల్ల ఎక్కడిది? డబ్బు చూపించగానే తిరిగిపోయే స్థితికి ఆ మనుషుల్ని తెచ్చింది బీజాపూరే అని నేననుకుంటాను.

నాలుగు వేల రౌతులు పోతే పెద్ద సేనకు ఏమంత లోటు అనిపించవచ్చు. పోయిన వాళ్ళు ఊరికే ఇంటికి పోయి ఉంటే లోటు తక్కువే. కానీ వీళ్ళకు దండు కడుపులోని ప్రతి రహస్యమూ తెలుసు. ఎద్దుల వరసలు ఏ దారిన వస్తాయి, ఏ పూట వస్తాయి, కాపలా ఎంత, ఎవరి గుడారం ఎక్కడ అన్నవన్నీ తెలుసు. నిన్నటిదాకా ఆ కాపలా కాసింది వాళ్ళే. పైగా మిగిలినవాళ్ళ మనసులో పడిన అనుమానం చిన్నది కాదు. పక్క గుడారంలో ఉన్న నాయకుడు రేపు ఉంటాడో లేడో తెలియనప్పుడు ఎవడు కోటగోడ కింద ప్రాణం పెడతాడు? అలీ ఆదిల్ షా ముట్టడి ఎత్తేశాడు. ముస్తఫా ఖాన్‌ను పట్టుకున్న సీమకు కాపలాగా వదిలి తాను బీజాపూర్ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత బీజాపూర్ బర్గీల మీద తీర్చుకున్న పగ, ముట్టడి ఓటమి కన్నా వాళ్ళకు ఎక్కువ చేటు చేసింది. విజయనగరం చుట్టుపక్కల జాగీర్లున్న బర్గీ నాయకులు సుల్తానుకు ఎదురుతిరిగారు. వాళ్ళ మీదికి వెళ్ళిన సేన ఏడాది దాకా వెంటబడినా ఫలితం లేకపోయింది. చివరికి ఒక బ్రాహ్మణ రాయబారిని పంపి, క్షమించామనీ, పాత గౌరవాలు తిరిగి ఇస్తామనీ నమ్మబలికి నాయకుల్ని బీజాపూర్‌కు రప్పించారు. హండియాతం నాయకుడు మిగతావాళ్ళకు పోవద్దని చెప్పాడట. తాను మాత్రం పోలేదు, పెనుకొండ అండనే ఉండిపోయాడు. పోయినవాళ్ళలో ఎక్కువమందిని అక్కడ చంపేశారు. అభయమిచ్చి చంపిన సుల్తాను కొలువులో రేపటి నుంచి ఏ నాయకుడు నిశ్చింతగా నిద్రపోతాడు?

1580 ఏప్రిల్‌లో అలీ ఆదిల్ షా తన అంతఃపురంలోనే ఒక సేవకుడి కత్తికి బలయ్యాడు. వారసుడు ఇబ్రహీంకు తొమ్మిదేళ్ళు. అక్కడి నుంచి బీజాపూర్ కథ వరసగా ఒకరి తర్వాత ఒకరిని కూల్చుకోవడమే. కామిల్ ఖాన్ పెత్తనం చేశాడు, కిష్వర్ ఖాన్ అతన్ని తప్పించాడు. పిల్లవాడిని చూసుకుంటున్న చాంద్ బీబీని కిష్వర్ ఖాన్ సతారా కోటలో బంధించాడు. కర్ణాటకాన్ని గెలిచిన ముస్తఫా ఖాన్‌ను, పెనుకొండ ముట్టడి తర్వాత ఆ సీమ కాపలాకు సుల్తాను వదిలిన మనిషిని, ఈ కిష్వర్ ఖానే మనుషుల్ని పంపి చంపించాడు. తర్వాత హబ్షీ సర్దారు ఇఖ్లాస్ ఖాన్ వచ్చాడు. దిలావర్ ఖాన్ అతని కళ్ళు పొడిపించాడు. ఈ గందరగోళంలో అహ్మద్‌నగర్, గోల్కొండ సేనలు కలిసి బీజాపూర్‌నే ముట్టడించాయి. పెనుకొండకు పదేళ్ళకు పైగా ఆ దిక్కు నుంచి ఊపిరి పీల్చుకునే వీలు దొరికింది. ఆ వీలు కల్పించింది పెనుకొండ కత్తి కాదు.

పడమటి ముప్పు తగ్గాక ఉత్తరం నుంచి వచ్చింది. 1586లో శ్రీరంగ రాయల తర్వాత ఆయన తమ్ముడు వేంకటపతి రాయలు పట్టానికి వచ్చాడు. మూడేళ్ళు గడవకముందే, 1589 ప్రాంతంలో, గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా స్వయంగా కృష్ణ దాటాడు. 1591లో హైదరాబాద్‌లో చార్మినార్ కట్టించిన సుల్తానే ఈయన. అప్పటికి ఇరవై అయిదేళ్ళ లోపు కుర్రవాడు. ముసలిమడుగు కోట పడింది, నంద్యాల సీమ నాయకులు తలవంచారు, గండికోట దక్కింది. అక్కడి నుంచి సేన నేరుగా పెనుకొండ కిందికి వచ్చి దిగింది.

వేంకటపతి రాయలు సంధి అడిగాడు. రాయబారులు వచ్చారు, మాటలు నడిచాయి, సుల్తాను నమ్మి దండును కొంత వెనక్కి జరిపాడు. ఆ కొద్ది రోజుల్లోనే పెనుకొండ గింజలతో, మందుగుండుతో నిండిపోయింది. జగదేవ రాయలు మరికొందరు నాయకులతో, వేల తుపాకీ బంట్లతో కోటలోకి చేరిపోయాడు. గోల్కొండ వాళ్ళ చరిత్ర ఈ బంట్లను 30 వేలమంది అంటుంది. ఈ జగదేవ రాయలకు తర్వాత చెన్నపట్టణం, బారామహల్ సీమలు దక్కాయి. సుల్తాను మళ్ళీ కోటను చుట్టాడు గానీ అప్పటికి ఆలస్యమైపోయింది. వానాకాలం ముంచుకొస్తోంది. కృష్ణ పొంగితే తమకూ గోల్కొండకూ మధ్య దారి తెగుతుందని సర్దారులు హెచ్చరించారు. ఇంటికి పోదామన్న మాట ఒకసారి సభలో పైకి వచ్చాక ఇక ఏ సేనా నిలవదు. సుల్తాను వెళ్ళిపోయాడు. గండికోటలో సంజర్ ఖాన్‌ను, ముసలిమడుగులో అశ్వరావును, సీమ మధ్యలో ముఖ్య సేనతో ముర్తజా ఖాన్‌ను వదిలాడు.

ఈ పేర్లు ఒకసారి చూడండి. సుల్తాను కోటకు కాపలా ఉన్నది అశ్వరావు. బీజాపూర్‌ను విడిచి రాయల పక్షం చేరింది హండియాతం నాయకుడు. ఈ యుద్ధాల్ని రెండు మతాల పోరుగా చదవాలని మొదలుపెడితే ప్రతి పుటలోనూ ఆ చదువు అడ్డం తిరుగుతుంది. జీతం, జాగీరు, పెత్తనం, పగ, నమ్మకం అన్న లెక్కలతో చదివితేనే ఎవరు ఎందుకు ఎటు పోయారో తెలుస్తుంది. మన పిల్లలకు ఈ చరిత్రను ఆ లెక్కలతోనే చెప్పాలని నా గట్టి నమ్మకం.

సుల్తాను వెళ్ళగానే వేంకటపతి రాయల నాయకులు కదిలారు. ఎదురుబొదురు యుద్ధానికి దిగలేదు. గండికోటను చుట్టారు. ముర్తజా ఖాన్ సేన కడప వైపు పోయి కొల్లగొట్టుకుంటుంటే, దానికి తిండి చేరే దారులు ఒక్కొక్కటే మూశారు. పన్నెండేళ్ళ కిందట బర్గీలు నేర్పిన విద్య ఇప్పుడు ఇంటి విద్య అయిపోయింది. దాడులూ, ఆకలీ కలిసి గోల్కొండ దండును నలిపేశాయి. ముర్తజా ఖాన్ సాయం కోరాడు. సుల్తాను సాయం పంపాడు. దాంతోపాటు ఒక సేనాపతిని కూడా పంపాడు. ఆ రెండోది పంపకుండా ఉంటే బాగుండేది.

వచ్చినవాడి పేరు రుస్తుం ఖాన్. గోల్కొండ ఆస్థాన చరిత్ర రాసిన పేరు తెలియని రచయిత అతన్ని గొప్పలు చెప్పుకునేవాడుగా, యుద్ధం తెలియనివాడుగా చూపిస్తాడు. నెలల తరబడి ఆ నేల మీద దెబ్బలు తింటూ, దారులు నేర్చుకున్న ముర్తజా ఖాన్ పక్కకు జరగాల్సి వచ్చింది. నిన్న వచ్చినవాడి మాట చెల్లాల్సి వచ్చింది. గోల్కొండ కొలువులో ఎవరి పలుకుబడి రుస్తుం ఖాన్‌ను అక్కడికి చేర్చిందో ఆ రచయిత చెప్పడు. కానీ ఒకే దండుకు ఇద్దరు పెద్దలుంటే కింది బంటు ఎవరి కేకకు కత్తి దూయాలి? ఇద్దరిలో ఒకరి మాట వింటే రెండోవాడికి పగ. ఏ మాటా వినకుండా గుడారంలో పడుకోవడమే అన్నిటికన్నా క్షేమం.

రుస్తుం ఖాన్ చేసిన మొదటి పని పెన్న ఒడ్డున, నల్లరేగడిలో దండు దించడం. ముర్తజా ఖాన్ వద్దన్నాడు, వినలేదు. హిందూపురం, పెనుకొండ ఎర్రనేలలో తిరిగినవాళ్ళకు రేగడి సంగతి అంతగా తెలియకపోవచ్చు. తాడిపత్రి దాటి జమ్మలమడుగు వైపు పోతే కనిపిస్తుంది. ఎండలో ఆ నేల అడుగు పట్టేంత వెడల్పున నెర్రెలు విచ్చి ఉంటుంది. ఒక్క గట్టి వాన పడితే నల్లటి ముద్ద అవుతుంది. కాలు వేస్తే చీలమండ దాకా దిగుతుంది, తీస్తే చెప్పు లోపలే ఉండిపోతుంది. రెండో అడుగుకు పాదానికి శేరు మట్టి అంటుకుని ఉంటుంది. బండి చక్రం ఆకుల మధ్య మట్టి నిండి చక్రం తిరగడం మానేస్తుంది, ఎద్దులు మోకాళ్ళ మీద కూలబడతాయి. రైతు కూడా పదును ఆరేదాకా చేలో కాలు పెట్టడు. అక్కడ గుర్రపు దండును దించడమంటే గుర్రాలు కట్టేసినట్టే. ఆ నేల సంగతి చెప్పగలిగిన తెలుగు కాలిబంట్లు గోల్కొండ దండులో లేరని అనుకోలేం. చెబితే వినే చెవి పైన లేకపోయింది.

ఆ దండు ఎంత బెదిరి ఉందో చూడాలని రాయల పక్షం వాళ్ళు ఒక పని చేశారు. ఒక ఎద్దును తెచ్చి ఒళ్ళంతా రంగులు పూశారు, కొమ్ములు అలంకరించారు, మెడకూ కాళ్ళకూ గంటలు, మువ్వలు కట్టారు. దాన్ని రుస్తుం ఖాన్ గుడారాల మీదికి తోలారు. సంక్రాంతికో, ఏరువాకకో మన ఊళ్ళలో ఎద్దును ఎలా సింగారిస్తామో అదే సింగారం. గంటల మోతతో రంగుల మృగం ఒకటి దూసుకొస్తుంటే రుస్తుం ఖాన్ బెదిరి వెనక్కి పరుగెత్తాడని గోల్కొండ చరిత్రే రాసింది. సేనాపతి పరుగు చూసిన సేన ఆగుతుందా? గుడారాలన్నీ చెదిరాయి. కాచుకుని ఉన్న రాయల నాయకులు అప్పుడు మీద పడ్డారు. బురదలో కాళ్ళు కదలని దండు దారుణంగా దెబ్బతింది.

ఈ కథ చదివి చాలామంది నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఎద్దును చూసి భయపడే మనుషులు కారు వాళ్ళు. కృష్ణ దాటి గండికోట గెలిచిన దండు అది. ఎద్దు వచ్చే నాటికే వాళ్ళకు కడుపు నిండా తిండి లేదు, కాళ్ళ కింద గట్టి నేల లేదు, పైన ఒక్క మాట మీద ఉన్న నాయకత్వం లేదు. పారిపోవడానికి ఒక సాకు కోసం ఎదురుచూస్తున్న మనసులకు ఏ శబ్దమైనా చాలు. ఆ ఎద్దును తోలినవాళ్ళు దాన్ని ఆయుధంగా నమ్ముకోలేదు. శత్రువు మనసు ఎంత మెత్తబడిందో తడిమి చూశారు. అవతలి దండు పరిస్థితిని అంత బాగా చదివిన ఆ నాయకుడెవరో గానీ అతనిది గొప్ప బుద్ధి.

రుస్తుం ఖాన్ గోల్కొండ చేరాక అతనికి ఆడబట్టలు కట్టి, అవమానించి, దేశం నుంచి వెళ్ళగొట్టారు. కొలువుకు ఆ తీర్పు చాలా సౌకర్యం. తప్పంతా ఒక పిరికివాడిది అయిపోయింది. పని తెలిసినవాడిని పక్కన పెట్టి తెలియనివాడిని నెత్తిన పెట్టిన సుల్తాను మీద చరిత్రకారుడు ఒక్క మాట రాయలేదు, రాయగల స్థితిలోనూ లేడు. తిండి దారులు తెగిపోతున్నాయని ముర్తజా ఖాన్ మొరపెట్టుకున్నప్పుడు తిండి పంపకుండా అధికారిని పంపిన నిర్ణయమే ఓడించిందని నేనంటాను. బురదలో కూలిన బంట్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్ళలో ఎంతమంది మన భాష మాట్లాడేవాళ్ళో కూడా ఎవరూ రాసిపెట్టలేదు. ఆకలితో, జీతం లేక, ఇద్దరు ఖానుల పంతం మధ్య చచ్చిపోయిన ఆ మనుషుల్ని శత్రువులని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు.

ఈ దెబ్బ తర్వాత పెన్న సీమలో గోల్కొండ పట్టు సడలింది. గండికోట మళ్ళీ రాయల నాయకుల చేతికి వచ్చింది. ఆరు దశాబ్దాల తర్వాత గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లా ఫిరంగులతో వచ్చి గెలుచుకునే దాకా అది పెమ్మసాని నాయకులదే. బీజాపూర్ మరోసారి దక్షిణానికి సేన పంపింది గానీ, 1594లో ఇబ్రహీం ఆదిల్ షా సొంత తమ్ముడు ఇస్మాయిల్ బెళగావిలో తిరగబడ్డాక సుల్తానుకు ఇటు చూసే తీరిక లేకపోయింది.

అయినా వేంకటపతి రాయలు పెనుకొండను నమ్ముకుని కూర్చోలేదు. రెండు రాజ్యాల సేనలు అందుకోగల దూరంలో రాజధాని ఉంచడం ప్రమాదమని ఆయనకు అర్థమైంది. 1592 నాటికి కొలువు చంద్రగిరికి తరలింది. లేపాక్షి కట్టించిన విరూపణ్ణ ఒకప్పుడు ఖజానా చూసిన పెనుకొండ, ఇక సరిహద్దు కోటగా మిగిలింది. దాని కాపలా నాయకుల పనే.

రాయల ఇంట్లో కూడా అప్పటికే చీలిక మొదలైంది. రాణి బాయమ్మ పుట్టింటివారైన గొబ్బూరి జగ్గరాయల బలగం ఒకవైపు, వారసుడిగా రాయలు ఎంచుకున్న అన్న కొడుకు శ్రీరంగడి పక్షం ఇంకోవైపు బలపడుతూ వచ్చాయి. 1614 అక్టోబరులో వేంకటపతి రాయలు కన్నుమూశాడు. నెలల్లోనే కొత్త రాజునూ, ఆయన భార్యాబిడ్డల్నీ జగ్గరాయల మనుషులు చెరలో చంపేశారు. ఒక్క బిడ్డ మాత్రం బతికి బయటపడ్డాడు. ఆ బిడ్డను చాకలివాడి బట్టల మూటలో దాచి కోట దాటించిన కథా, తోపూరు దగ్గర తెలుగు, తమిళ, కన్నడ నాయకులంతా రెండుగా చీలి తలపడిన యుద్ధమూ వచ్చే భాగంలో.